జడ్జిగారి మీద ఫిర్యాదుకి ఫారం

కోర్టు పక్కన డీటీపీ షాపు నాది. ఫారం అడిగినవాళ్లని ముందు ఒకటే అడుగుతా: తీర్పు నచ్చలేదా, జడ్జిగారి ప్రవర్తన బాగాలేదా? తీర్పయితే అప్పీలుకే వెళ్లాలి.

పైన హైకోర్టు రిజిస్ట్రార్ విజిలెన్స్ అని కొడతాను, కింది కోర్టు జడ్జిల మీద ఫిర్యాదులు చూసే అధికారి ఆయనే. రాజ్యాంగం 235వ అధికరణ ప్రకారం కింది కోర్టులపై అదుపు హైకోర్టుదే. తర్వాత కోర్టు, కేసు నంబరు, తేదీ, టైము.

"ఏం జరిగింది" గడికి అరపేజీ వదులుతా. మొన్న ఒక పెద్దాయన అందులో "లంచగొండి" అని ఒక్క ముక్క రాసిచ్చారు. కొట్టేయించాను. జడ్జిగారు అన్న మాట అన్నట్టే ఉండాలి, విన్నవాళ్ల పేర్లు పక్కనే ఉండాలి.

చివర ఆధారాల జాబితా, సంతకం. ప్రమాణపత్రం (అఫిడవిట్) విడిగా జతచేయాలి, అది మాత్రం మర్చిపోవద్దు. ఆకాశరామన్న ఉత్తరాలైతే నేను టైపే చేయను.