ఆఫ్‌రోడ్ బండికి పెద్ద టైర్లు, లిఫ్ట్ ఎంచుకోవడం ఎలా?

పెద్ద టైర్లు వేయించాలనుకునేవాళ్లు సాధారణంగా ముందు అడిగేది "ఎన్ని అంగుళాల లిఫ్ట్ మంచిది?" అని. లిఫ్ట్ అంటే బండిని పైకి లేపే మార్పు. కానీ ఈ ప్రశ్నే తలకిందులది. బండి ఏ దారుల్లో తిరుగుతుందో ముందు తేల్చుకోవాలి. దాన్ని బట్టి టైరు సైజు తేలుతుంది. ఆ టైరు ఎక్కడా రాసుకోకుండా తిరగడానికి ఎంత ఎత్తు కావాలో అంతే లిఫ్ట్ వేయించాలి. ముందే లిఫ్ట్ కిట్ కొనేసి, తర్వాత దానికి సరిపడే టైరు వెతుక్కుంటే ఖర్చు రెండింతలవుతుంది.

1. ఏది ఏం చేస్తుందో తెలుసుకోండి

రెండు చక్రాలనూ కలుపుతూ ఒకే దిమ్మలాంటి ఇరుసు, అంటే సాలిడ్ యాక్సిల్ ఉన్న బండిని తీసుకుందాం. సస్పెన్షన్ దగ్గర లిఫ్ట్ వేస్తే బాడీ, ఛాసిస్ పైకి లేస్తాయి. ఇరుసు మాత్రం కదలదు. దాని మధ్యలో ఉండే డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల గుండ్రటి పెట్టె) లిఫ్ట్‌కి ముందు ఏ రాయికి తగిలేదో, తర్వాత కూడా అదే రాయికి తగులుతుంది. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే. అది కూడా పెరిగిన వ్యాసంలో సగమే లేపుతుంది.

అలాగని లిఫ్ట్ దండగ కాదు. గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపర్, దిగేటప్పుడు వెనక బంపర్, మిట్ట దాటేటప్పుడు బండి నడుము తగలకుండా కాపాడేది అదే. ముందు చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికాచక్రం విడిగా కదిలేది) ఉంటే ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి ఛాసిస్‌తో పాటే పైకి లేస్తుంది.

2. టైరు మీది అంకెలతో లెక్క వేయండి

245/75 ఆర్ 16 అని ఉందనుకోండి. 245 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 75 అంటే ఆ వెడల్పులో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఎంత శాతమో, 16 అంటే అంగుళాల్లో రిమ్ వ్యాసం. 245లో 75 శాతం సుమారు 184 మి.మీ. పైనా కిందా కలిపితే 368. దానికి రిమ్ 406 మి.మీ. కలపండి. మొత్తం 774, అంటే దాదాపు 30.5 అంగుళాలు.

అదే రిమ్‌కి 285/75 ఆర్ 16 వేస్తే ఇదే లెక్కన 834 మి.మీ. వస్తుంది, దాదాపు 32.8 అంగుళాలు. బజారులో దీన్నే 33 అంటారు. టైరు 60 మి.మీ. పెరిగితే ఇరుసు కింద క్లియరెన్స్ పెరిగింది 30 మి.మీ. మాత్రమే. ఈ ఒక్క అంకె చూశాక చాలామందికి ఉత్సాహం కాస్త చల్లబడుతుంది. అయితే రాళ్ల మధ్య ఆ 30 మి.మీ. తక్కువేం కాదు. పైగా పెద్ద టైరు గుంతల్లో కూరుకుపోకుండా దాటుతుంది, గాలి తగ్గించినప్పుడు నేలకు ఎక్కువగా అతుక్కుంటుంది.

గాలి తగ్గించడం పని చేసేది సైడ్‌వాల్ ఎత్తు ఉన్నప్పుడే. అందుకే ఆఫ్‌రోడ్‌కి పెద్ద రిమ్ మీద పొట్టి సైడ్‌వాల్ టైరు కన్నా చిన్న రిమ్ మీద ఎత్తు సైడ్‌వాల్ టైరు మేలు. రిమ్ మరీ చిన్నదైతే బ్రేక్ కాలిపర్‌కి తగులుతుంది, అది చూసుకోవాలి.

3. ఖాళీ కొలవండి

అసలు పని ఇక్కడే ఉంది. బండిని చదునైన చోట ఆపి స్టీరింగ్‌ని ఒక పక్కకి పూర్తిగా తిప్పండి. ముందు బంపర్ అంచు, వీల్ ఆర్చ్ వెనక భాగం, లోపలివైపు సస్పెన్షన్ ఆర్మ్, యాంటీ రోల్ బార్ (బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ)... వీటిలో ప్రతిదానికీ టైరుకీ మధ్య ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయో రాసుకోండి. తర్వాత రెండో పక్కకి తిప్పి మళ్లీ కొలవండి. ఆర్చ్ వెనక భాగంలో, ప్లాస్టిక్ లైనర్ చాటున, రెండు రేకులు కలిపి వెల్డ్ చేసిన అంచు చాలా బళ్లలో పొడుచుకుని ఉంటుంది. పెద్ద టైరు ముందుగా తగిలేది తరచూ దానికే.

నిలబడి ఉన్న బండిలో కొలత సరిపోతే సంబరపడకండి. దారిలో చక్రం ఒకేసారి తిరుగుతుంది, పైకీ లేస్తుంది. లైనర్‌కి లోపలివైపు సుద్ద బాగా పూయండి. ముందు చక్రం ఒకదాన్ని గట్టి ర్యాంపు మీదకు మెల్లగా ఎక్కించి, స్టీరింగ్‌ని ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పండి. సుద్ద ఎక్కడ చెరిగిపోయిందో అక్కడ టైరు తగులుతున్నట్టే. కొత్త టైర్లు కొనకముందే అదే సైజువి ఎవరి దగ్గరైనా అరువు దొరికితే ఈ పరీక్ష వాటితోనే చేసుకోండి. చిన్నపాటి రాపిడికి లైనర్ కాస్త కోయడం, ఆ వెల్డ్ అంచుని సుత్తితో మడిచి రంగు వేయడం సరిపోతాయి. దీనికోసం ఇంకో అంగుళం లిఫ్ట్ వేయించనక్కర్లేదు.

రిమ్ ఆఫ్‌సెట్, అంటే రిమ్‌ని బండికి బిగించే ముఖం రిమ్ నడి గీత నుంచి ఎంత దూరంలో ఉందో, అది కూడా ఈ లెక్కలోదే. ప్లస్ 30 ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ తీసి, అదే వెడల్పులో సున్నా ఆఫ్‌సెట్ ఉన్నది పెడితే చక్రం 30 మి.మీ. బయటికి వస్తుంది. లోపల సస్పెన్షన్ ఆర్మ్‌కి తగలడం తప్పుతుంది కానీ, స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు ఇంకా పెద్ద వంపులో తిరిగి బంపర్‌కో ఫెండర్‌కో తగులుతుంది. వీల్ బేరింగ్‌ల మీద భారం కూడా పెరుగుతుంది. ఫెండర్ దాటి బయటికొచ్చిన చక్రాలు ఫొటోల్లో బాగుంటాయి, బురదలో పక్క అద్దాలదాకా చిమ్ముతాయి.

4. టైరు రకం, మోయగల బరువు

వారంలో ఎక్కువ రోజులు తారు రోడ్డు మీదే తిరిగే బండికి ఆల్ టెర్రైన్ టైరు చాలు. మడ్ టెర్రైన్ టైరు బంకమట్టిని వదిలించుకున్నంత బాగా ఇంకేదీ వదిలించుకోదు. కానీ హైవే మీద హోరు పెడుతుంది, తడి రోడ్డు మీద బ్రేక్ పట్టు తక్కువ, అరుగుదల ఎక్కువ. రూపం కోసం మడ్ టైరు వేయించుకుని రోజూ ఆ హోరు భరించడం నా దృష్టిలో అనవసర టెన్షన్.

లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువుని చెప్పే అంకె) మాత్రం కంపెనీ టైరుకున్న దానికన్నా తగ్గకూడదు. మందపాటి సైడ్‌వాల్ టైరు రాళ్లకు త్వరగా చిరగదు, కానీ బరువు ఎక్కువ. ఆ బరువంతా స్ప్రింగుల కింద ఉండేదే కాబట్టి గతుకుల్లో కుదుపు తెలుస్తుంది.

5. గేరు, బ్రేకు, స్పీడోమీటర్

పై ఉదాహరణలో టైరు వ్యాసం దాదాపు 8 శాతం పెరిగింది. అంటే స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే బండి 108 దగ్గర ఉంటుంది. పికప్ అంతే మేరకు తగ్గుతుంది. బ్రేకు అదే బలంతో పట్టినా నేల దగ్గర దాని ప్రభావం తగ్గుతుంది. టైరు బరువు దానికి అదనం.

ఇంజిన్‌కి సత్తువ ఉంటే 8 శాతం తేడాతో సర్దుకుపోవచ్చు. లేదంటే డిఫరెన్షియల్ గేర్లు మార్చాలి. ప్రస్తుతం గేరు రేషియో 3.73 ఉంటే 1.08తో గుణించండి, 4.03 వస్తుంది. దొరికే గేరు సెట్లలో దానికి దగ్గరిది 4.10. ఫోర్ బై ఫోర్ బండికి ముందు, వెనక రెండు డిఫరెన్షియల్స్‌లోనూ ఒకే రేషియో ఉండాలి. ఒక్కటే మార్చి ఫోర్ వీల్ వేస్తే లోపలి భాగాలు ఒకదాన్నొకటి లాక్కుని విరుగుతాయి. ఈ ఖర్చు మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి. టైర్ల ధర చూసి మురిసిపోయినవాళ్లకు తర్వాత చుక్కలు చూపించేది ఇదే.

6. ఇప్పుడు లిఫ్ట్

బాడీ లిఫ్ట్ అంటే ఛాసిస్‌కీ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టడం. టైరుకి చోటు దొరుకుతుంది, చవక. ఛాసిస్ మాత్రం ఉన్న ఎత్తులోనే ఉంటుంది.

స్పేసర్ లిఫ్ట్‌లో పాత స్ప్రింగు, షాక్ అబ్జార్బర్లే ఉంచి వాటి మీద దిమ్మ బిగిస్తారు. ఎత్తు వస్తుంది కానీ సస్పెన్షన్ కదలిక పెరగదు. దిమ్మ మందం ఎక్కువైతే చక్రం కిందికి వేలాడినప్పుడు బాల్ జాయింట్, యాక్సిల్ షాఫ్ట్ వాటి హద్దు దాటుతాయి.

రాళ్లూ గుంతలూ ఉన్న దారుల్లో తిరిగే బండికి స్ప్రింగులు, షాకులు కలిపి మార్చే సస్పెన్షన్ లిఫ్టే సరైనది. స్ప్రింగు ఎంచుకునేటప్పుడు బండి మీద ఎప్పుడూ ఉండే బరువు చెప్పండి. వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), ఇనుప బంపర్, రూఫ్ టెంట్ లేని బండికి బరువు మోసే స్ప్రింగు వేస్తే అది కదలదు, మీరే కదులుతారు.

ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న చాలా బళ్లకు 2 నుంచి 2.5 అంగుళాల దగ్గర ఆగడం మంచిది. అది దాటితే సీవీ జాయింట్లు (చక్రం కదులుతున్నా దానికి ఇంజిన్ శక్తి అందించే కీళ్లు) ఎక్కువ కోణంలో తిరిగి వాటి రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి. సాలిడ్ యాక్సిల్ ఉంటే లిఫ్ట్ పెరిగేకొద్దీ పన్‌హార్డ్ రాడ్ (ఇరుసు పక్కలకి జరగకుండా పట్టే కడ్డీ) ఇరుసుని ఒక పక్కకి లాగుతుంది, క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గి స్టీరింగ్ తేలిపోయినట్టుంటుంది, ఇరుసుకి శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి వణుకు పుడుతుంది. సర్దుబాటు చేసుకోగల పన్‌హార్డ్ రాడ్, క్యాస్టర్ సరిచేసే బుష్‌లు, పొడవాటి బ్రేక్ హోసులు, పెద్ద బంప్ స్టాపులు కిట్‌లో ఉన్నాయో లేదో అడగండి. బంప్ స్టాపుని చాలామంది పట్టించుకోరు. చక్రం ఫెండర్‌ని కొట్టకముందే ఆపేది లిఫ్ట్ కాదు, అదే.

ఎత్తు పెరిగిన బండి మలుపులో ఎక్కువ ఒరుగుతుంది, పక్కవాలులో త్వరగా పల్టీ కొడుతుంది. రెండు అంగుళాలతో పని జరిగే చోట నాలుగు అడిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. టైరు సైజు, లిఫ్ట్ ఎత్తు మీద నిబంధనలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. కొనకముందే రవాణా శాఖనీ బీమా కంపెనీనీ అడిగి తెలుసుకోండి.

7. బిగించాక

రబ్బరు బుష్‌ల బోల్టుల్ని బండి జాకీ మీద వేలాడుతుండగా చివరిదాకా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి తన బరువు తాను మోస్తున్నప్పుడే బిగించాలి. లేకపోతే బుష్ ఎప్పుడూ మెలిపడే ఉండి కొద్ది నెలల్లోనే చిట్లుతుంది. మెకానిక్ తొందరలో ఉంటే దగ్గరుండి చెప్పి చేయించుకోండి.

తర్వాత వీల్ అలైన్‌మెంట్, స్పీడోమీటర్ క్యాలిబ్రేషన్, హెడ్‌లైట్ల కోణం చూడాలి. ముందు కెమెరా, రాడార్ ఉన్న బళ్లకు వాటి క్యాలిబ్రేషన్ కూడా అవసరం పడవచ్చు. మొదటి 100 కిలోమీటర్లలోపు వీల్ నట్లు, 500 దాటాక సస్పెన్షన్ బోల్టులు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూసుకోండి.

స్టెప్నీ కూడా అదే సైజుది ఉండాలి. అది పాత చోట పడుతుందో లేదో, వెనక తలుపుకి బిగించేదైతే కీళ్లు ఆ బరువు మోస్తాయో లేదో చూడండి. బండితో వచ్చిన జాకీ కొత్త ఎత్తుకి అందకపోవచ్చు. అడవి దారిలో పంక్చరైనప్పుడు కాకుండా, ఇంటి ముందే ఒకసారి చక్రం విప్పి బిగించి చూసుకోండి.