చెక్క సామానుకు గుడ్డతో కొత్త కళ

పాతబడినా గట్టితనం చెడని సొరుగుల బల్లకు, పుస్తకాల అలమరకు, కుర్చీకి కొత్త కళ తేవాలనుకునేవారికి గుడ్డ అతికించడం మంచి మార్గం. రంగు వేస్తే రాని మెత్తదనం, నేతలోని నిండుతనం గుడ్డతో వస్తాయి. ఇందుకు పెద్ద పనిముట్లు అక్కరలేదు గానీ ఓపిక మాత్రం కావాలి. పని కుదిరిందా లేదా అన్నది అంచుల దగ్గరే తేలిపోతుంది. అంచు లేచినా, పోగులు ఊడినా ఎంత మంచి గుడ్డయినా వెలవెలబోతుంది. అందువల్ల ఎక్కడ అతికించాలో ఎంచుకునేటప్పుడే అంచు ఎక్కడ ముగుస్తుందో ఆలోచించుకోవాలి.

అలమర వెనుక పలక, తలుపు చట్రంలో లోపలికి కూర్చిన పలక, సొరుగుల ముఖాలు, సొరుగుల అడుగులు ఇందుకు అనువైన చోట్లు. చుట్టూ చెక్క చట్రం ఉన్నచోట గుడ్డ అంచుకు ఆ చట్రమే కాపుగా నిలుస్తుంది. వేడి గిన్నెలు, నీళ్ల గ్లాసులు పెట్టే బల్ల మీద గుడ్డ వేయాలంటే, దానిపై అద్దం పరచగలిగితేనే వేయడం మేలు. నేరుగా ఎండ పడే చోట గుడ్డ రంగు వెలిసిపోతుంది. చెక్కడపు పని ఉన్న పాతకాలపు సామాను జోలికి జిగురుతో వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం.

దగ్గరి నేత, మధ్యరకం మందం ఉన్న నూలు గుడ్డ తొలిసారి చేసేవారి చేతికి బాగా లొంగుతుంది. సాగే గుడ్డ అతికించేటప్పుడు వంకర పోతుంది, పలుచని పట్టు మీద జిగురు మరకలు తేలతాయి. లేతరంగు గుడ్డ వేసేటట్లయితే కింది చెక్క రంగు కనబడకుండా ముందుగా తెల్ల ప్రైమర్ పూయాలి. కొత్త గుడ్డను తప్పక ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. అలా చేస్తే అందులోని గంజి పోవడమే కాక, ముడుచుకోవలసినదంతా ముందే ముడుచుకుంటుంది. తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది రంగు దిగుతుందేమో చూడాలి. గళ్లు, చారలు చూడముచ్చటగానే ఉంటాయి కానీ, పలక మూలలు ఏమాత్రం వంకరగా ఉన్నా ఆ లోపాన్ని పట్టిస్తాయి. చిన్న పువ్వుల అచ్చు దాన్ని కప్పిపుచ్చుతుంది.

సొరుగుల పిడులు విప్పి, పాత మైనం, జిడ్డు తుడిచి, చెక్కను మొదట గరుకైన 120 నంబరు ఉప్పు కాగితంతోను, ఆ తర్వాత అంతకన్నా సన్నని 220 నంబరుతోను రుద్దాలి. వార్నిష్ మెరుపు పోయి పైభాగం మసకబారితేనే జిగురు పట్టు దొరుకుతుంది. గుంటలను పుట్టీతో పూడ్చి, ఆరాక మళ్లీ రుద్ది, ధూళిని తడిగుడ్డతో తుడవాలి. చాలా పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కాబట్టి అటువంటి పూతను పొడిగా రుద్ది దుమ్ము లేపకూడదు.

పలక కొలతకు అన్ని వైపులా రెండు మూడు సెంటీమీటర్లు అదనంగా ఉంచి గుడ్డను కత్తిరించాలి. ఒకదాని కింద ఒకటిగా సొరుగులున్న బల్లకైతే అన్ని ముఖాలకూ ఒకే నిలువు ముక్కను వరుసగా వాడాలి. అప్పుడు అచ్చు తెగకుండా పైనుంచి కిందికి సాగుతుంది. వడ్రంగులు వాడే తెల్ల జిగురు మూడు పాళ్లకు ఒక పాలు నీళ్లు కలిపి, వెడల్పాటి బ్రష్‌తో పలుచగా చెక్క మీదే పూయాలి. గుడ్డకు పూస్తే అది బరువెక్కి సాగిపోతుంది. జిగురు ఎక్కువైతే నేతలోంచి పైకి ఊరి, ఆరాక ముదురు మచ్చగా నిలుస్తుంది.

గుడ్డను రెండు చేతులతో బిగువుగా పట్టుకుని, ముందు నడిమి గీతను పలక నడుముకు ఆనించి, అక్కడినుంచి రెండు పక్కలకూ అరచేతితో నెమ్మదిగా నిమరాలి. పడుగు, పేక పోగులు పలక అంచులకు సమాంతరంగా ఉన్నాయో లేదో జిగురు తడిగా ఉన్నప్పుడే చూసుకోవాలి. వంకరగా ఉంటే మధ్యలో లాగి సరిచేయడం కన్నా గుడ్డను సగం దాకా ఎత్తి మళ్లీ పరచడమే మంచిది. బుడగలను పాత ప్లాస్టిక్ కార్డుతో నడుమ నుంచి బయటికి తోసేయాలి. మొండి బుడగ మిగిలితే ఆరిన తర్వాత సన్నని సూదితో గుచ్చి, తడిపి, అదిమితే అణిగిపోతుంది.

తడిగా ఉన్న గుడ్డను కోయకూడదు. బ్లేడుకు పోగులు చిక్కి పీచులా లేస్తాయి. కనీసం ఒక రాత్రంతా ఆరనిచ్చి, గుడ్డ గట్టిపడ్డాక, అంచు మీదికి వాల్చి పట్టిన ఉప్పు కాగితంతో ఒకే వైపుకు, అంటే బయటికి, కిందికి రుద్దితే అదనపు గుడ్డ గీటు పెట్టినట్లు తెగిపోతుంది. చట్రం లోపలి పలకకైతే ఉక్కు స్కేలు ఆనించి కొత్త బ్లేడుతో కోయాలి. బిగువుగా లోపలికి దూరే సొరుగుకు గుడ్డ మందం కూడా అడ్డు కాగలదు కనుక, అక్కడ అంచుకు రెండు మిల్లీమీటర్ల ఇవతలే గుడ్డను ఆపాలి.

చేతులు తగిలే చోట పైపూత తప్పనిసరి. నూనె ఆధారిత వార్నిష్ కాలక్రమంలో పసుపుబారుతుంది కాబట్టి నీటి ఆధారిత వార్నిష్‌నే రెండు మూడు పూతలుగా వేయడం మంచిది. ప్రతి పూత పూర్తిగా ఆరాక 320 నంబరు కాగితంతో తేలికగా రుద్దాలి. జిగురు, వార్నిష్ పడితే గుడ్డ రంగు కొంచెం ముదురుతుంది. ముందుగా ఒక చెక్కముక్క మీద ప్రయత్నించి చూసుకుంటే ఆ తేడా తెలుస్తుంది.

అద్దె ఇళ్లలోని సామానుకు, ఏడాదికోసారి మార్పు కోరుకునేవారికి జిగురు తగదు. అలమర వెనుక పలక కొలతకు దళసరి అట్టను కోసి, గుడ్డను దాని వెనక్కి మడిచి అంటించి, అరల వెనక నిలబెడితే చాలు. ఎప్పుడంటే అప్పుడు తీసేయవచ్చు.

కుర్చీ కూర్చునే పలకకు అసలు జిగురే వద్దు. అడుగునుంచి స్క్రూలు విప్పి పలకను వేరుచేసి, పైన మూడు నాలుగు సెంటీమీటర్ల మందం స్పాంజి పరచి, గుడ్డను కిందికి మడిచి స్టేపుల్ గన్‌తో కొట్టాలి. మొదట నాలుగు వైపులా నడుమ ఒక్కొక్క పిన్ను కొట్టి, ఆ తర్వాత ఎదురెదురు వైపులను సమానంగా లాగుతూ మూలల వైపుకు సాగాలి. మూలలో మిగిలిన గుడ్డను చిన్న చిన్న కుచ్చెళ్లుగా సర్ది, కుచ్చెళ్లన్నీ కింది వైపుకే దాగేటట్లు చూసి పిన్నులు కొట్టాలి. స్క్రూ రంధ్రాల మీద పిన్ను పడకుండా ముందే సుద్దతో గుర్తు పెట్టుకుంటే పలకను తిరిగి బిగించడం తేలిక.