మెషిన్ ఎవరైనా కొనిస్తారు, జీతం సంగతి చూడండి

మీ ట్రస్టు తరఫున విశాఖలో జాలారిపేటలోనో అరిలోవలోనో ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ చూసే హెల్త్ వర్కర్లను పెట్టారా? ముందు ఒక్క మనిషికి నెలకు ఎంతవుతుందో కాగితం మీద వేయండి. జీతం, బస్సు చార్జీలు అందరూ రాస్తారు, మరిచిపోయేది షుగర్ స్ట్రిప్పులే. మెషిన్ ఒక్కసారి కొంటే చాలు, స్ట్రిప్పు మాత్రం పరీక్షకొకటి. రోజుకు 20 మంది, నెలకు 25 రోజులంటే 500 స్ట్రిప్పులు, ఒక్కోటి 15 రూపాయలు వేసుకున్నా 7,500. మాత్రలు మీరు కొనకండి, పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, అక్కడికి పంపండి.

ఇక డబ్బు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత 3 ఏళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత పనులకు, అంటే సీఎస్ఆర్‌కు పెట్టాలి, విశాఖలో రిఫైనరీ నుంచి ఫార్మా దాకా అలాంటివి బోలెడు. మీ ట్రస్టుకు 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ), సీఎస్ఆర్-1 (సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి ప్రభుత్వం దగ్గర చేసుకునేది) నమోదు లేకుండా మాత్రం వెళ్లకండి. అడిగేటప్పుడు 'కొనసాగే ప్రాజెక్టు' కింద అడగండి, మొదలైన ఏడాది పోను ఇంకో 3 ఏళ్లు నడుపుకోవచ్చు. అందరికీ ఫొటో పడే మెషిన్లు ఇవ్వడమే ఇష్టం, మీరు మొహమాటపడకుండా జీతాలే అడగండి.

మాకోసారి ఏప్రిల్‌లో రావాల్సిన డబ్బు ఆగస్టులో వచ్చింది, ఈలోపు ఇద్దరమ్మాయిలు మానేశారు. అప్పట్నుంచి 3 నెలల జీతాలు వేరే ఖాతాలో ఉంచుతున్నాం, ఎంత టెన్షన్ వచ్చినా దాన్ని ముట్టుకోం.