ఎంసీసీబీ కొనే ముందు కేఏ లెక్క చూసుకోండి

ప్యానెల్‌కి ఎంసీసీబీ (మోల్డెడ్ కేస్ సర్క్యూట్ బ్రేకర్) కావాలనగానే అందరూ ముందు అడిగేది "ఎన్ని ఆంపియర్లు?" అనే. లోడ్ 180 ఉంది కాబట్టి 200 ఆంపియర్లది, త్రీ పోల్, అంతే, ఆర్డర్ వెళ్లిపోతుంది. కానీ షార్ట్ సర్క్యూట్ అయిన క్షణాన ప్యానెల్ ముందు నిలబడ్డ మనిషిని కాపాడేది ఆ 200 కాదు, లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే కేఏ (కిలో ఆంపియర్లు, అంటే వేల ఆంపియర్లు) అంకె. బ్రేకర్ ఎంత షార్ట్ సర్క్యూట్ కరెంటును తెంపగలదో చెప్పేది అదే. అది చాలకపోతే బ్రేకరే పగిలిపోయి మంటలు చిమ్ముతుంది.

లెక్క కష్టమేమీ కాదు. 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, సెకండరీ 400 వోల్టులు అనుకుందాం. 500ని 1.732తో, వచ్చినదాన్ని మళ్లీ 0.4తో భాగిస్తే ఫుల్ లోడ్ కరెంటు దాదాపు 722 ఆంపియర్లు. నేమ్‌ప్లేట్ మీద ఇంపీడెన్స్ (కరెంటుకి ట్రాన్స్‌ఫార్మర్ లోపలి అడ్డంకి) 4 శాతం ఉంటే 722ని 0.04తో భాగించండి. సుమారు 18 కేఏ వస్తుంది. షార్ట్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పారే ఫాల్ట్ కరెంటు ఇదే. ట్రాన్స్‌ఫార్మర్‌ని ఆనుకుని ఉన్న మెయిన్ ప్యానెల్‌లో 16 కేఏ బ్రేకర్ పెట్టకూడదు, 25 కేఏది తీసుకోవాలి. దూరంగా ఉన్న సబ్ ప్యానెల్‌లో కేబుల్ వల్ల ఈ అంకె తగ్గుతుంది. రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ప్యారలల్‌లో నడుస్తుంటే మాత్రం రెండింటి ఫాల్ట్ కరెంటూ కలపాలి.

లేబుల్ మీద ఐసీయూ (Icu), ఐసీఎస్ (Ics) అని రెండు అంకెలుంటాయి. ఐసీయూ దాకా వచ్చిన ఫాల్ట్‌ని బ్రేకర్ తెంపగలదు, కానీ ఆ తర్వాత పనికొస్తుందన్న హామీ లేదు. ఐసీఎస్ దాకా అయితే తెంపాక కూడా సర్వీసులో ఉంచొచ్చు. ఐఈసీ 60947-2 ప్రకారం ఐసీఎస్‌ని ఐసీయూలో 25, 50, 75, 100 శాతాల్లో ఏదో ఒకటిగా చెబుతారు. మెయిన్ ఇన్‌కమర్‌కి (ప్యానెల్‌లోకి సప్లై వచ్చే బ్రేకర్‌కి) 100 శాతం ఉన్నదే తీసుకోండి, ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు. ఇంకో సంగతి, అదే బ్రేకర్‌కి 240 వోల్టుల దగ్గర పెద్ద అంకె, 415 దగ్గర చిన్న అంకె ఉంటాయి. మీ వోల్టేజీకి ఎదురుగా ఉన్నదే చదవండి.

ఆంపియర్ల విషయానికొస్తే, బ్రేకర్ రేటింగ్ లోడ్ కరెంటు కంటే తక్కువ కాకూడదు, కేబుల్ మోయగలిగిన కరెంటును మించకూడదు. ఎండాకాలంలో తరచూ ట్రిప్ అవుతోందని 125 తీసేసి 160 పెట్టేవాళ్లున్నారు. కేబుల్ పాతదే కదా! ఇక కాలేది అదే. థర్మల్ మాగ్నెటిక్ (ఓవర్‌లోడ్‌కి వేడితో, షార్ట్‌కి అయస్కాంతంతో ట్రిప్ అయ్యే) బ్రేకర్లను మామూలుగా 40 డిగ్రీలకు సెట్ చేస్తారు. మూసిన ప్యానెల్ లోపల వేడి అంతకు మించితే రేటింగ్ కంటే తక్కువ కరెంటుకే ట్రిప్ అవుతాయి. ముందు లోపలి ఉష్ణోగ్రత కొలవండి, టెర్మినల్ లూజుగా ఉందేమో, గాలి ఆడుతోందో లేదో చూడండి. ఆ తర్వాత కంపెనీ డీరేటింగ్ టేబుల్ (వేడిని బట్టి రేటింగ్ ఎంత తగ్గుతుందో చెప్పే పట్టిక) తీయండి.

మోటార్ ఫీడర్లు (మోటార్లకు వెళ్లే లైన్లు) వేరే లెక్క. స్టార్టింగ్‌లో కరెంటు 6 నుంచి 8 రెట్లు లాగుతుంది కాబట్టి మాగ్నెటిక్ సెట్టింగ్ దానికి పైన ఉండాలి. అలాగని మరీ పైకి పెడితే, పొడవాటి కేబుల్ చివర షార్ట్ అయినప్పుడు అంత కరెంటు రాక బ్రేకర్ వెంటనే తెగదు.

కంప్యూటర్లు, ఎల్‌ఈడీ లైట్లు ఎక్కువున్నచోట హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కి గుణిజాల్లో పుట్టే అదనపు కరెంట్లు) న్యూట్రల్‌లో కలిసి పేరుకుంటాయి. అక్కడ ఫోర్ పోల్, న్యూట్రల్ ప్రొటెక్షన్ గురించి అడగండి. మామూలు ఎంసీసీబీ మనిషికి షాక్ కొడితే ట్రిప్ కాదు, ఎర్త్ లీకేజీ రక్షణ విడిగా ఉండాల్సిందే.

బిగించేటప్పుడు సప్లై ఆపి, లాక్ వేసి, టెస్టర్‌తో మూడు ఫేజులూ చూశాకే చేయి పెట్టండి. ఫేజ్ బ్యారియర్లు (ఫేజుల మధ్య పెట్టే ఇన్సులేటింగ్ పలకలు) పెట్టెలోనే వదిలేయకండి. లగ్ (కేబుల్ చివర బిగించే లోహపు కొస) కేబుల్ సైజుదే ఉండాలి. అల్యూమినియం కేబుల్‌ని రాగి టెర్మినల్‌కి కలిపితే బైమెటాలిక్ (ఒకవైపు అల్యూమినియం, ఇంకోవైపు రాగి ఉండే) లగ్ వాడాలి. టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పినంతే బిగించాలి.

షార్ట్ సర్క్యూట్‌కి ట్రిప్ అయితే వెంటనే రీసెట్ చేసి ఆన్ చేయొద్దు. ముందు కారణం దొరకాలి. కేబుల్‌కి మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టండి. బ్రేకర్ ఒంటి మీద మసి, పగులు, కాలిన వాసన ఏదున్నా అది మార్చేదాకా ఆ ఫీడర్‌ని ఆపి ఉంచండి.