బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత క్యాన్సర్ చికిత్స: మళ్లీ పెరుగుతున్న బరువును అదుపులో ఉంచుకోవడం ఎలా?

ఆపరేషన్ చేయించుకుని ఎన్నో కిలోలు తగ్గినవారికి కూడా తూకం యంత్రమంటే బెరుకు పూర్తిగా పోదు. కీమో మొదలయ్యాక ముల్లు మళ్లీ పైకి కదిలితే పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైందనిపిస్తుంది. ఆ రాత్రే భోజనం మానేసేవారున్నారు. ఆ పని మాత్రం చేయకండి. చికిత్స మధ్యలో కడుపు మాడ్చుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. కీమోను తట్టుకోవడానికి కావలసింది ఆ కండే.

1. పెరిగింది నీరా, కొవ్వా?

రోజూ ఉదయం మూత్రవిసర్జన తర్వాత, ఏమీ తినకముందు బరువు చూసి రాసుకోండి. కీమో ఏ రోజు ఎక్కించారో, స్టెరాయిడ్ మాత్రలు ఏ రోజుల్లో వేసుకున్నారో పక్కనే రాయండి. రెండు సైకిళ్లు (కీమో విడతలు) గడిచేసరికి సంగతి కాగితం మీదే కనిపిస్తుంది. స్టెరాయిడ్ రోజుల్లో పెరిగి, తర్వాతి రోజుల్లో దిగిపోతున్న బరువులో ఎక్కువ భాగం నీరే అయి ఉంటుంది. చీలమండ పైన బొటనవేలితో కొన్ని క్షణాలు నొక్కి తీసి చూడండి. గుంట వెంటనే పూడకపోతే నీరు పట్టినట్టే.

ఒక్క రోజులో కిలోకు మించి, లేదా వారంలో రెండు కిలోలకు మించి పెరిగితే ఆగకుండా ఆసుపత్రికి ఫోను చేయండి. ఆయాసం వచ్చినా, ఒక కాలు మాత్రమే వాచినా అంతే. కొన్ని క్యాన్సర్ మందులు గుండె మీద ప్రభావం చూపుతాయి. ఒక్క కాలే వాచడానికి రక్తం గడ్డకట్టడం కారణం కావచ్చు.

అన్నట్టు, వెళ్లిన ప్రతిసారీ ఆసుపత్రిలో బరువు చూసేది మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు. చాలా కీమో మందుల మోతాదును ఎత్తు, బరువులను బట్టే లెక్కగడతారు.

2. ఆపరేషన్ సంగతి విడమరిచి చెప్పండి

‘పొట్ట ఆపరేషన్ అయింది’ అంటే సరిపోదు. స్లీవా (పొట్టలో పెద్ద భాగం తీసేసేది), బైపాసా (పొట్టను చిన్నది చేసి పేగుతో కలిపేది), ఎప్పుడు చేశారు అన్నవి ఆంకాలజిస్టుకు, అంటే క్యాన్సర్ డాక్టరుకు, తెలియాలి. బైపాస్ తర్వాత కొన్ని మాత్రలు, ముఖ్యంగా నెమ్మదిగా కరిగే రకం, ఒంటికి పట్టే తీరు మారుతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు పొట్టను పేగుతో కలిపిన చోట పుండు చేయవచ్చు.

మీ మందుల్లో బరువు పెంచేవి ఏవో కూడా అడగండి. వికారం రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆకలిని, రక్తంలో చక్కెరను పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది. దాన్ని ఉదయం పూటే వేసుకోవచ్చా అని అడగండి. మీ అంతట మీరు మాత్రం ఆపవద్దు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే హార్మోన్ చికిత్స కొవ్వు పెంచి కండ తగ్గిస్తుంది. అక్కడ వ్యాయామం మందుతో సమానం.

3. సులువుగా జారిపోయే తిండిని కనిపెట్టండి

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గుడ్డు, చేప, మాంసం వంటివి నాలుగు ముద్దలు తినేసరికి చిన్న పొట్ట చాలంటుంది. బిస్కెట్లు, ఐస్‌క్రీం, చిప్స్ అలా కాదు, ఎన్ని తిన్నా జారిపోతాయి. వికారంగా ఉన్నప్పుడు నోరు కోరేవీ అవే. ఇందులో మీ తప్పేమీ లేదు కానీ, బరువు చేరేది ఈ దారినే.

అందుకే ముద్దల వరుస మార్చండి: ముందు ప్రొటీన్, తర్వాత కూరగాయలు, చోటు మిగిలితే మిగతావి. ఆపరేషన్ అయినవారికి సాధారణంగా రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ సూచిస్తారు. క్యాన్సర్ చికిత్సలో ఇంకా ఎక్కువ కావలసి రావచ్చు, మీ లెక్క డైటీషియన్ తేల్చాలి. వేడి వంట వాసన పడకపోతే చల్లగా తినండి. నోట్లో లోహపు రుచి వేధిస్తుంటే స్టీలు చెంచా బదులు ప్లాస్టిక్‌ది వాడండి. మంచినీళ్లు భోజనంతో పాటు కాకుండా అరగంట ఎడంగా తాగండి.

బలానికని ఇచ్చే పానీయాల్లో చక్కెర ఎక్కువైతే, ముఖ్యంగా బైపాస్ అయినవారికి, చెమటలు, గుండెదడ, విరేచనాలు పట్టుకుంటాయి. చక్కెర తక్కువ ఉన్నవి అడగండి. ఇక స్టెరాయిడ్ వేసుకున్న రాత్రి రెండు గంటలకు ఆకలి లేపితే నిగ్రహం పనిచేయదు. ఉడికించిన గుడ్డో, గిన్నెడు పెరుగో పడుకునే ముందే ఫ్రిజ్‌లో ముందు వరుసలో పెట్టుకోండి.

4. విటమిన్లు ఆపవద్దు

బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి వంటివాటి జాబితా ఆంకాలజిస్టుకు చూపించి కొనసాగించండి. కొత్తగా పెద్ద మోతాదులు మొదలుపెట్టవద్దు. వాంతులు రోజుల తరబడి తగ్గకపోతే ఒంట్లో థయమిన్ (విటమిన్ బి1) పడిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. తడబాటు, చూపు మసకబారడం, అయోమయం కనిపిస్తే అది అత్యవసరం.

5. కండను కాపాడుకోండి

పది నిమిషాల నడక, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం. నీరసం ఎక్కువగా ఉన్న రోజు అందులో సగం చాలు. ఎముకలకు క్యాన్సర్ పాకినవారు, ప్లేట్‌లెట్లు తగ్గినవారు ముందు డాక్టరును అడగాలి.

6. వీటి జోలికి పోవద్దు

ఉపవాసాలు, ‘పొట్టను మళ్లీ చిన్నది చేసే’ ద్రవాహార కోర్సులు, ఎవరో చెప్పారని వేసుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లు. ఆ ఇంజెక్షన్లతో వచ్చే వికారం కీమో వికారానికి తోడైతే ఏది దేనివల్లో డాక్టరుకూ అంతుపట్టదు.

తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ బరువుల కాగితం వెంట తీసుకెళ్లి, ‘చికిత్స అయ్యేవరకు నా బరువు ఎంత దగ్గర నిలబడితే చాలు?’ అని అడగండి. తగ్గించే ప్రయత్నం ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అప్పుడే, ఆపరేషన్ చేసిన డాక్టరును కలుపుకుని, నిర్ణయించుకోవచ్చు.