డైవర్‌ని పైకి తెచ్చాక: ముందు ఊపిరి, వెంటనే ఆక్సిజన్

నెల్లూరు, ప్రకాశం తీరంలో నీళ్లు మడ్డిగా ఉంటాయి. సరదాకి స్కూబా నేర్చుకోవాలనుకునేవాళ్లు పుదుచ్చేరికో రుషికొండకో పోతారు. ఇక్కడ సిలిండర్ కట్టుకుని దిగేది ఎక్కువగా పని మీదే: ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న వల కోయడానికి, తెగిపోయిన లంగరు వెతకడానికి. దిగేవాడికి తన పని వచ్చు. పైకి తేలినవాడు పలక్కపోతే ఏం చేయాలో పడవలో ఉన్న ముగ్గురికీ రాదు. కాబట్టి ముందు శిక్షణ కావలసింది ఆ ముగ్గురికి.

నీటి అడుగున స్పృహ తప్పినవాడి నోట్లో రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది) ఉంటే ఊడకుండా చేత్తో పట్టుకోండి. ఊడిపోయి ఉంటే మళ్లీ పెట్టాలని చూస్తూ టైం పోగొట్టుకోవద్దు. తల ముందుకు వాలనీయకుండా నిలబెట్టి పైకి తీసుకురండి. తెచ్చేవాడు తన ఊపిరి బిగబట్టకూడదు. బిగబడితే, పైకి వచ్చేకొద్దీ ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచించి పొరలు చిరుగుతాయి. తేలగానే బాధితుడి బరువుల బెల్టు విప్పి వదిలేయండి, తేలడానికి అతను తొడుక్కున్న జాకెట్‌లో గాలి నింపండి, ముఖం ఆకాశం వైపు తిప్పండి. ఊపిరి లేకపోతే నోటితో రెండుసార్లు ఊది, ఆపైన 5 సెకన్లకి ఒకసారి ఊదుతూ పడవ వైపు లాగండి. నీళ్లలో ఛాతీ నొక్కి ప్రయోజనం లేదు. జాకెట్ క్లిప్పులు విప్పడం ఆ 5 సెకన్ల సందులోనే జరగాలి. ఒక క్లిప్పు, ఒక ఊపిరి. లోతు లేని నీళ్లలో ఇరవైసార్లు చేస్తే గానీ చేతికి రాదు.

ఫైబర్ బోటులోకి ఎక్కించడం ఇంకో తంటా. చేతులు పట్టి లాగితే తడిసిన మనిషి జారిపోతాడు. రెండు తాళ్లు బోటు అంచుకి కట్టి, మనిషి కిందుగా పోనిచ్చి, కొసలు పైనుంచి లాగితే దుంగలా దొర్లి లోపలికి వస్తాడు. వల కుప్ప మీద మాత్రం పడుకోబెట్టకండి. మెత్తగా ఉన్నచోట మీరు నొక్కిన నొక్కు వలలోకి పోతుంది, గుండెకి చేరదు. గట్టి చెక్క మీదే పడుకోబెట్టాలి. ఒడ్డునైతే తడిసి గట్టిపడ్డ ఇసుక మీద, తలా కాళ్లూ ఒకే ఎత్తులో ఉండేలా, అలల గీతకి సమాంతరంగా.

ఇక్కడే పెద్ద తప్పు జరుగుతుంది. కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పడం. నొక్కితే వచ్చేది పొట్టలోని నీళ్లు, అన్నం. అవి తిరిగి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మునిగినవాడి గుండె ఆగేది ఊపిరి అందకే గనుక, ఊపిరి లేకపోతే మొదట 5సార్లు ఊదండి, ఒక్కోటి 1 సెకను, ఛాతీ లేచేంత. తర్వాత 30 నొక్కులు, 2 ఊపిర్లు. రొమ్ము ఎముక కింది సగం మీద 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120. రెండు నిమిషాలకి ఒకసారి మనిషి మారాలి. అలిసిన చెయ్యి పైపైన నొక్కుతుంది, ఆ సంగతి దానికే తెలియదు. నోట్లో నురగ వస్తుంటే తుడుస్తూ కూర్చోకండి, ఊదుతూనే ఉండండి. వాంతి అయితే పక్కకి తిప్పి నోరు శుభ్రం చేసి కొనసాగించండి. అప్పుడప్పుడూ ఎగపీల్చినట్టు నోరు తెరవడం ఊపిరి కాదు.

ఇవన్నీ జరుగుతుండగానే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇసుకలోకి అంబులెన్స్ రాదు కాబట్టి తారురోడ్డు చివర ఒక మనిషిని నిలబెట్టండి. సముద్రంలో ఉంటే వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్, సిగ్నల్ అందితే కోస్ట్‌గార్డ్ 1554.

ఆక్సిజన్ సంగతి. పేపర్లో 'ఆక్సిజన్ సిలిండర్లతో గాలింపు' అని రాస్తారు గానీ గజఈతగాళ్ల వీపున ఉండేది చాలావరకు మామూలు గాలి, 21 శాతం ఆక్సిజన్. వైద్యానికి విడిగా మెడికల్ ఆక్సిజన్, సంచి ఉన్న నాన్-రీబ్రీదర్ మాస్క్ (వదిలిన ఊపిరి మళ్లీ పీల్చకుండా చేసేది) కావాలి, నిమిషానికి 15 లీటర్లు. ఎంతసేపు వస్తుందో ముందే లెక్క కట్టండి: సిలిండర్‌లో ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయో ఆ అంకెని, మీటర్ చూపే పీడనంతో (బార్‌లలో) గుణించి 15తో భాగించాలి. 2 లీటర్ల సిలిండర్ 150 బార్ దగ్గర 300 లీటర్లు, అంటే 20 నిమిషాలు. మైపాడు నుంచి నెల్లూరు ఆసుపత్రికి పాతిక కిలోమీటర్ల దాకా ఉంది. దారి మధ్యలోనే అయిపోతుంది. 5 లీటర్లదైతే 50 నిమిషాలు. గ్రీజు, డీజిల్ అంటిన చేత్తో వాల్వు ముట్టుకోకండి, దగ్గర్లో బీడీ కాల్చనీయకండి: మంటలు లేస్తాయి. వాల్వు నెమ్మదిగా తిప్పి, సంచి నిండాకే మాస్క్ పెట్టండి.

స్పృహలో ఉన్నవాడితో ఇంకో చిక్కు. పైకి వచ్చిన 10 నిమిషాల్లోపు మూర్ఛ, కాలు చెయ్యి పడిపోవడం, మాట తడబాటు ఉంటే గాలి బుడగ మెదడుకి చేరిందనుకోవాలి. లోతులో ఒంట్లో కలిసిన నైట్రోజన్ బుడగలు కడితే వచ్చే కీళ్ల నొప్పి, తిమ్మిర్లు, మూత్రం రాకపోవడం లాంటివి కొన్ని గంటల తర్వాత కూడా మొదలవుతాయి. అడిగితే 'వల లాగాను కదా, భుజం పట్టేసింది' అంటాడు. నమ్మకండి. కళ్లు మూసుకుని నిలబడమనండి, రెండు చేతులతో మీ వేళ్లు పిసకమనండి, నవ్వమనండి. ఏ తేడా కనిపించినా వెల్లకిలా పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టండి, మెలకువగా ఉంటే నీళ్లు తాగించండి. నొప్పి తగ్గినా తీయకండి. మళ్లీ నీళ్లలో దించితే తగ్గుతుందనే మాట ప్రాణం తీస్తుంది. ఎంత లోతు, ఎంతసేపు, ఎప్పుడు పైకి వచ్చాడు అన్నది కాగితం మీద రాసి, లోతు, సమయం నమోదు చేసే డైవ్ కంప్యూటర్‌తో సహా అతని వెంటే పంపండి. హైపర్‌బేరిక్ చాంబర్ (ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే గది) ఉన్నచోటికి బయలుదేరే ముందు ఫోన్ చేసి, డైవింగ్ కేసు తీసుకుంటారా అని అడగండి. చాంబర్ ఉన్న ప్రతి ఆసుపత్రీ ఈ కేసులు తీసుకోదు.

చివరగా ఘాట్‌రోడ్డు. పుదుచ్చేరిలో డైవ్ చేసి వస్తూ అటునుంచి అటే తిరుమల ఎక్కేవాళ్లున్నారు. కొండ 850 మీటర్ల పైనే. అక్కడ గాలి పీడనం తగ్గి, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. విమానానికి చెప్పే గడువే దీనికీ పాటించండి: ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, పలుసార్లు దిగితే కనీసం 18.