మందుతో చేసే గుండె స్ట్రెస్ టెస్ట్: చాయ్, గోలీలు, ఒక చిట్టీ

పరిగడుపున రమ్మన్నారని మా మేనమామ నర్సంపేటలో తెల్లవారుజామునే బస్సెక్కారు. చెప్పినట్టే ఏమీ తినలేదు. చాయ్ మాత్రం తాగారు. వరంగల్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని ఇంకోటి తాగారు. హైదరాబాద్‌లో టెస్ట్ గదిలోకి వెళ్లిన పది నిమిషాలకే బయటికి పంపేశారు. మన ఇళ్లలో చాయ్ తాగితే పరిగడుపు చెడిందని ఎవరూ అనుకోరు కదా. స్లాట్ ఇప్పిస్తానని డబ్బు తీసుకున్న మధ్యవర్తి తేదీ, టైమ్ చెప్పాడే తప్ప చాయ్ ఊసే ఎత్తలేదు.

అందుకే ఇది రాస్తున్నా.

మోకాళ్ల నొప్పులో, పక్షవాతమో ఉండి ట్రెడ్‌మిల్ మీద నడవలేని వాళ్లకు ఇంజెక్షన్‌తోనే గుండెకు శ్రమ కలిగించి, ఆ సమయంలో ఫొటోలు తీస్తారు. ఎకోతో, అంటే గుండె స్కానింగ్‌తో చేసేదాన్ని డోబుటమిన్ స్ట్రెస్ ఎకో అంటారు. న్యూక్లియర్ కెమెరాతో చేసేదాన్ని ఇప్పటికీ చాలామంది థాలియం టెస్ట్ అనే అంటున్నారు, ఇప్పుడు ఫొటోల కోసం ఎక్కువగా ఎక్కించే రేడియోధార్మిక పదార్థం టెక్నీషియం అయినా.

బుకింగ్‌లో పెద్ద చిక్కేమీ లేదు. గుండె డాక్టర్ రాసిన చిట్టీ, ఆధార్, ఈమధ్య తీసిన ఈసీజీ, ఎకో రిపోర్టు, స్టెంట్ వేసి ఉంటే ఆ కాగితాలు పట్టుకుని కౌంటర్‌కు మీరే వెళ్లండి. ఆరోగ్యశ్రీ మీద ఆశ ఉంటే రేషన్ కార్డుతో ముందుగా ఆ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి. చికిత్సల పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది నిజమే. అంతమాత్రాన ఓపీలో రాసిన ప్రతి టెస్టూ ఉచితమని అనుకోవద్దు. ఆరోగ్యమిత్రతో మాట్లాడటానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.

కౌంటర్‌లో తప్పకుండా అడగాల్సిన మాట: "ఏ మందుతో చేస్తారు?" చిట్టీ మీద చాలాసార్లు స్ట్రెస్ టెస్ట్ అని మాత్రమే ఉంటుంది. మందును బట్టి పత్యం మారుతుంది.

అడినోసిన్, రెగడినోసన్, డైపిరిడమోల్‌లలో ఏదైనా అయితే చాయ్, కాఫీ కనీసం 12 గంటలు, చాలాచోట్ల 24 గంటలు ముందునుంచే బంద్. గ్రీన్ టీ, కూల్‌డ్రింకులు, చాక్లెట్, కెఫీన్ తీసేసిన కాఫీ కూడా వద్దు. చాయ్, కాఫీల్లో ఉండే ఈ కెఫీన్ శారిడాన్ లాంటి తలనొప్పి గోలీల్లోనూ ఉంటుంది. టెస్ట్‌లో ఎక్కించే ఈ మూడు మందులు గుండె రక్తనాళాలను వెడల్పు చేస్తాయి, కెఫీన్ దానికి అడ్డుపడుతుంది. తాగిన సంగతి దాచి టెస్ట్ చేయించుకుంటే రిపోర్టు బాగానే రావచ్చు, లోపల అడ్డంకి ఉన్నా సరే. వెనక్కి పంపడం కంటే అదే ఎక్కువ ప్రమాదం. పొరపాటున తాగితే రైలెక్కకముందే ఫోన్ చేసి చెప్పండి. టెక్నీషియం ఆరు గంటలకు సగమైపోయే పదార్థం. మీ కోసం తెప్పించింది మర్నాటికి పనికిరాదు.

ఉబ్బసం ఉంటే బుకింగ్ అప్పుడే చెప్పాలి. అడినోసిన్‌తో ఊపిరి పట్టేయవచ్చు కాబట్టి డాక్టర్ మందే మార్చవచ్చు. డెరిఫిలిన్ లాంటి గోలీలు వాడుతుంటే అదీ చెప్పండి. ఇన్హేలర్ వెంట ఉండాలి.

డోబుటమిన్ సంగతి వేరు. అక్కడ గుండె వేగం పెరగాలి. 220 నుంచి వయసు తీసేసి, మిగిలినదాంట్లో 85 శాతం చేరాలి. అరవై ఏళ్ల మనిషికి నిమిషానికి 136. మెటోప్రొలాల్, అటెనొలాల్, బిసొప్రొలాల్ వంటి బీపీ, గుండె గోలీలు ఆ వేగాన్ని పట్టి ఉంచుతాయి. అప్పుడు టెస్ట్ జరిగినా ఏదీ తేలదు. అలాగని మీ అంతట మీరు ఆపకండి. హఠాత్తుగా ఆపితే ఛాతీనొప్పి, గుండెపోటు రావచ్చు. కొందరికి గోలీ వేసుకునే టెస్ట్ చేయాలని డాక్టరే అనుకుంటారు.

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడుతున్నారు. "ఆ చిన్న తెల్ల గోలీ" అంటే ఎవరికీ అర్థం కాదు. షుగరు, బీపీ, గుండె, ఊపిరి మందులన్నీ షీట్లతో సహా సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఒక తెల్లకాగితం మీద వరుసగా పేర్లు రాసి, ఒక్కోదాని ఎదురుగా "వేసుకోవాలి" లేదా "ఫలానా రోజు నుంచి ఆపాలి" అని రాయించుకోండి. సంతకం కూడా. విసుక్కున్నా సరే, రాయించుకోండి. ఇన్సులిన్ గురించి విడిగా అడగండి. నాలుగైదు గంటలు ఏమీ తినకుండా మామూలు డోసు తీసుకుంటే షుగర్ పడిపోతుంది.

ఆ రోజు ముందు గుండీలున్న చొక్కా, జాకెట్టు వేసుకోండి. పుస్తెలతాడు, దానికి గుచ్చిన పిన్నులు తీయమంటారు, ఇంట్లోనే ముందుగా చెప్పి ఉంచితే అక్కడ టెన్షన్ ఉండదు. గర్భం ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా బుకింగ్‌లోనే చెప్పాలి.

మందు ఎక్కుతుంటే గుండె దడదడలాడుతుంది, ఒళ్లు వేడెక్కుతుంది, ఛాతీ బరువెక్కుతుంది. భయం వేస్తుంది, వేయకుండా ఎలా ఉంటుంది. పక్కనే డాక్టర్, ఈసీజీ తెర ఉంటాయి. అడినోసిన్ ఆపిన కొన్ని సెకన్లకే, డోబుటమిన్ కొన్ని నిమిషాలకే దిగిపోతుంది. నొప్పిని పళ్లబిగువున ఓర్చుకోకుండా చెప్పేయండి.

న్యూక్లియర్ టెస్ట్‌లో ఫొటోలు రెండు విడతలు. మొదటిది కాగానే బస్సుకు టైమైందని లేచి రాకండి. వచ్చేముందు ఆ మందుల కాగితం మళ్లీ డాక్టర్ ముందు పెట్టి, ఆపిన గోలీ ఎప్పటినుంచి వేసుకోవాలో దాని కిందే రాయించుకోండి.